ఓంలు తక్కువ చూపిన మోటరు: 600 అడుగుల బోరు దగ్గర ఇంపెడెన్స్ లెక్క

నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు ఒక బత్తాయి తోట. పాత బోరు ఎండిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్‌కు 450 మీటర్ల దూరంలో, తోట అవతలి చివర కొత్త బోరు పడింది. పాత బోరులోని 7.5 హెచ్‌పీ త్రీఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటరునే తీసి కొత్తదానిలో 600 అడుగులకు దించారు. పాత చోట ఏళ్ల తరబడి ఏ పేచీ లేకుండా నడిచిన మోటరు ఇక్కడికొచ్చాక మొరాయించింది. స్టార్టరు బటన్ నొక్కితే కాంటాక్టర్ (స్టార్టరులో కరెంటును కలిపే అయస్కాంత స్విచ్చు) టకటకమని కొట్టుకుంటుంది. మోటరు మూలుగుతుంది, లేవదు. నాలుగైదు సార్లు నొక్కితే ఒకసారి లేస్తుంది. లేచినా ఇరవై నిమిషాలకో అరగంటకో ఓవర్‌లోడ్ రిలే (కరెంటు మించితే మోటరును ఆపేది) పడిపోతుంది.

మొదట చూసిన మెకానిక్ స్టార్టరు దగ్గర మోటరు వైర్లు విప్పి మల్టీమీటర్ పెట్టాడు. ఏ రెండు వైర్ల మధ్య చూసినా 3.8 ఓంలు. "ఓంలు శాన తక్కువ చూపిస్తున్నదన్నా, వైండింగ్ షార్టయింది" అన్నాడు. బండి తెప్పించి 600 అడుగుల పైపు పైకి గుంజారు, మోటరుకు కొత్త వైండింగ్ చుట్టించారు, మళ్లీ దించారు. మీటరు పెడితే మళ్లీ 3.8 ఓంలే. మోటరు మళ్లీ మూలిగింది.

మోటరు మీద నేరం మోపింది ఆ 3.8 ఓంలు. మోటరులో ఏ లోపమూ లేదని చెప్పిందీ అవే. మూడు జతల మధ్యా సరిసమానంగా 3.8 వచ్చిందంటే వైండింగ్ బాగున్నట్టు. చుట్ల మధ్య షార్టు ఉంటే ఒక జత తేడాగా చూపాలి. 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ పరీక్షించే మీటరుతో) బాడీకి చూస్తే 20 మెగాఓంలు వచ్చింది. నీళ్లలో మునిగి ఉన్న మోటరుకు అది మంచి రీడింగే.

మల్టీమీటర్ కొలిచింది దేన్ని?

మల్టీమీటర్‌లో ఉన్నది చిన్న బ్యాటరీ. అది పంపేది డీసీ. కాబట్టి ఓం రేంజిలో అది చూపేది రాగి తీగ నిరోధం మాత్రమే. ఆ 3.8లోనూ వైండింగ్ వాటా సగానికన్నా తక్కువ. మీటరు లీడ్లు రెండూ ఒకదానికొకటి ఆనిస్తేనే 0.3 ఓంలు చూపింది. అది తీసేస్తే 3.5. బోరులోకి దిగిన ఫ్లాట్ కేబుల్ 4 చదరపు మిల్లీమీటర్ల రాగిది. దానికి కిలోమీటరుకు 4.95 ఓంల లెక్కన 183 మీటర్లకు 0.91, నీళ్ల వెచ్చదనానికి కొంచెం కలిపితే 0.93. పోను ఒక తీగ, రాను ఒక తీగ కాబట్టి 1.86. మిగిలింది 1.6. స్టార్ కనెక్షన్‌లో (మూడు వైండింగ్‌ల ఒక్కో కొసను ఒకచోట కలిపితే) రెండు ఫేజుల వైండింగ్‌లు వరుసగా వస్తాయి, అంటే ఫేజుకు 0.8 ఓం.

ఈ 0.8 ఓంనే పట్టుకుని ఫేజు వోల్టేజి 240ని (రెండు ఫేజుల మధ్య ఉండే 415ను 1.732తో భాగిస్తే వచ్చేది) భాగిస్తే 300 ఆంపియర్లు రావాలి. నేమ్‌ప్లేట్ మీద ఉన్నదేమో 14. మోటరుకు 50 హెర్ట్జ్ ఏసీ ఇచ్చినప్పుడు కరెంటుకు అడ్డుపడేది తీగ నిరోధం ఒక్కటే కాదని ఈ తేడాయే చెబుతుంది. కరెంటు సెకనుకు వంద సార్లు దిశ మారుతుంటే ఇనుములో అయస్కాంత క్షేత్రం కూడా అన్నిసార్లూ మారాలి. మారే క్షేత్రం అదే వైండింగ్‌లో ఎదురు వోల్టేజిని పుట్టిస్తుంది. ఆ ఎదురుదెబ్బను కూడా ఓంలలోనే లెక్కకడితే దాని పేరు రియాక్టెన్స్. నిరోధం, రియాక్టెన్స్ రెండూ కలిసి ఏసీకి చూపే మొత్తం అడ్డు ఇంపెడెన్స్. మన పాఠ్యపుస్తకాల్లో అవరోధం అని ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఆ మాటను 1886లో పెట్టింది ఆలివర్ హెవిసైడ్. బోరు మెకానిక్‌ల నోట దీనికి విడిగా మాట లేదు. అంతా కలిపి 'లోడు' అంటారు, చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఇంపెడెన్స్‌ను ఏ మల్టీమీటరూ ఓం రేంజిలో చూపలేదు. మోటరుకు అసలు కరెంటు ఇచ్చి వోల్టేజి, ఆంపియర్లు, కిలోవాట్లు మూడూ ఒకేసారి కొలవాలి. కిలోవాట్లు చూపే టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) ఉంటే చాలు. వోల్టును ఆంపియర్‌తో భాగిస్తే ఇంపెడెన్స్ వస్తుంది. కిలోవాట్లను బట్టి పవర్ ఫ్యాక్టర్ (వోల్టు, ఆంపియర్ల లబ్ధంలో నిజంగా పనిచేసే వంతు), దాన్నిబట్టి నిరోధం వాటా ఎంతో, రియాక్టెన్స్ వాటా ఎంతో తేలుతుంది.

నిలబడ్డ మోటరు వేరు, తిరిగే మోటరు వేరు

నేమ్‌ప్లేట్ ప్రకారం 415 వోల్టులు, 14 ఆంపియర్లు, పవర్ ఫ్యాక్టర్ 0.78. ఫేజుకు 240 వోల్టులు. 240ని 14తో భాగిస్తే 17.1 ఓంలు. తిరుగుతున్న మోటరు ఇంపెడెన్స్ ఇది. దీనిలో నిరోధం తరఫు వాటా 13.4, రియాక్టెన్స్ తరఫున 10.7. రెండూ కూడితే 24 రావాలి కదా, 17 ఎలా వచ్చిందంటే అవి మామూలుగా కూడవు. మేస్త్రీలు పునాదికి ముగ్గు పోసేటప్పుడు మూల సరిగ్గా వచ్చిందో లేదో 3-4-5 కొలతతో చూస్తారు. ఒక వైపు మూడు, దానికి మట్టంగా నాలుగు వేస్తే మూల నుంచి మూలకు ఐదు. నిరోధం మీది వోల్టేజి కరెంటుతో పాటే ఎక్కి దిగుతుంది. రియాక్టెన్స్ మీది వోల్టేజి పావు చక్రం ముందు నడుస్తుంది. అందుకే అవి మూలమట్టంలో కలుస్తాయి.

ఈ 13.4 ఓంలలో తీగది 0.8 మాత్రమే. మిగతాది ఎక్కడిదంటే, నీళ్లు ఎత్తే పనిది. మోటరు షాఫ్టు ద్వారా బయటికి పోయే శక్తి కూడా సప్లై వైపు నుంచి చూస్తే ఒక నిరోధంలాగే కనిపిస్తుంది.

అదే మోటరు నిలబడి ఉన్నప్పుడు కథ మారిపోతుంది. రోటరు (తిరిగే భాగం) కడ్డీలు రెండు చివర్లా రింగులతో కలిసి ఉంటాయి. కాబట్టి ఆగి ఉన్న మోటరు, సెకండరీని షార్టు చేసిన ట్రాన్స్‌ఫార్మర్ లాంటిది. ఈ రకం మోటరు నేరుగా వేస్తే మామూలు కరెంటుకు సుమారు ఐదున్నర రెట్లు, అంటే 77 ఆంపియర్లు గుంజుతుంది. 240ని 77తో భాగిస్తే 3.12 ఓంలు. పవర్ ఫ్యాక్టర్ దాదాపు 0.5 కాబట్టి నిరోధం 1.56, రియాక్టెన్స్ 2.70. ఆ 1.56లో స్టేటరు (కదలని భాగం) తీగది 0.8, రోటరుది 0.76. మోటరు వేగం అందుకుని స్లిప్ (తిరిగే క్షేత్రం కన్నా రోటరు వెనకబడే శాతం) 5 శాతానికి దిగాక, ఆ రోటరు నిరోధమే స్టేటరు వైపు నుంచి 20 రెట్లు, సుమారు 15 ఓంలుగా కనిపిస్తుంది. తీగ మారలేదు, ఇనుము మారలేదు, తిరిగే వేగం ఒక్కటే మారింది. ఇంపెడెన్స్ 3 నుంచి 17కు చేరింది.

ఈ కేసులో పట్టుకోవాల్సిన ముడి ఇదే. పాత బోరు ట్రాన్స్‌ఫార్మర్‌కు దగ్గర. అక్కడ ఆ 3.12 ఓంల ముందు కేబుల్ ఓంలు నామమాత్రం. ఇక్కడ అలా కాదు.

దారిలో ఎన్ని ఓంలు?

ట్రాన్స్‌ఫార్మర్ 25 కేవీఏ, 11 కేవీ నుంచి 433 వోల్టులకు. ఇంపెడెన్స్ 4.5 శాతం. 433 వోల్టుల స్క్వేర్‌ను 25,000తో భాగిస్తే 7.5 ఓంలు, అందులో 4.5 శాతం 0.34 ఓం. దీన్ని విడదీస్తే నిరోధం 0.17, రియాక్టెన్స్ 0.29. ట్రాన్స్‌ఫార్మర్‌లో పెత్తనం రియాక్టెన్స్‌ది.

సర్వీస్ కేబుల్ 10 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం, 450 మీటర్లు, గెట్టు మీది కడీలకు కట్టి ఎండలో వేలాడుతోంది. కిలోమీటరుకు 3.08 ఓంలు అన్నది 20 డిగ్రీల దగ్గరి లెక్క. ఆ ప్రకారం 1.39. ఎండాకాలం తీగ 50 డిగ్రీలకు చేరితే అల్యూమినియం నిరోధం ఇంకో 12 శాతం పెరిగి 1.55 అవుతుంది. రియాక్టెన్స్ 0.04, లెక్కలోకి రానంత. మూడు కోర్లు దగ్గర దగ్గరగా ఉంటే వాటి అయస్కాంత క్షేత్రాలు ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి కాబట్టి కేబుల్‌లో పెత్తనం నిరోధానిదే. ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి, కెపాసిటర్ దగ్గర మళ్లీ కావాలి.

బోరులోని ఫ్లాట్ కేబుల్‌తో కలిపితే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మోటరు దాకా నిరోధం 2.65, రియాక్టెన్స్ 0.33.

రీడింగుల ముందు ఒక జాయింటు సరిచేయాల్సి వచ్చింది. సర్వీస్ కేబుల్‌ను దారిలో ఒకచోట మెలేసి టేపు చుట్టి కలిపారు. మోటరు నడుస్తున్నప్పుడు స్టార్టరు దగ్గర వోల్టేజిలు 391, 386, 386. ఆంపియర్లు 16.3, 15.6, 14.9. వోల్టేజిలో తేడా సగటు మీద ఒక శాతం కూడా లేదు, కరెంటులో నాలుగున్నర శాతం. ఇక్కడా ఇంపెడెన్సే కారణం. మూడు ఫేజుల్లో తేడా వస్తే, ఆ తేడా భాగం మోటరులో ఎదురు దిశలో తిరిగే క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఆ క్షేత్రానికి మోటరు నిలబడ్డ మోటరులాగే, 17 కాకుండా 3 ఓంలతో కనిపిస్తుంది. అందుకే వోల్టేజిలో ఒక వంతు తేడా ఉంటే కరెంటులో ఐదు వంతులకు పైగా అవుతుంది. జాయింటుకు ఈవలా ఆవలా మీటరు పెడితే ఒక ఫేజులో 6 వోల్టుల డ్రాప్, అంటే 0.4 ఓం. 15 ఆంపియర్లకు ఆ ఒక్క ముడిలో 90 వాట్ల వేడి. టేపు మాడి నల్లబడింది. అల్యూమినియం మీద గాలికి ఏర్పడే పొర కరెంటును పోనివ్వదు, మెలేసి కట్టిన ముడి ఏదో ఒకనాడు ఇలాగే అవుతుంది. తీగ గీకి, జాయింటింగ్ కాంపౌండ్ రాసి, అల్యూమినియం ఫెరూల్‌తో (చిన్న గొట్టంతో) క్రింప్ చేశాక (నొక్కి బిగించాక) మూడు ఫేజులూ 391కి వచ్చాయి.

జాయింటు బాగుపడినా మోటరు లేవడం మాత్రం అంతకుముందులాగే ఉంది.

177కు 84 కలిపితే 250

తెల్లవారుజామున పక్క మోటర్లేవీ నడవని వేళ స్టార్టరు దగ్గర 433 వోల్టులు ఉంది. "ఓల్టేజి ఫుల్లుంది సారూ, ఇంకేం కావాలె" అన్నమాట ఈ రీడింగ్ చూసే వస్తుంది. కరెంటు పారనప్పుడు కేబుల్ ఎంత సన్నదైనా డ్రాప్ సున్నా. లోడు లేని వోల్టేజి కేబుల్ గురించి ఏమీ చెప్పదు.

బటన్ నొక్కిన క్షణం లెక్క ఇది. నిరోధాలన్నీ కలిపి 1.56 + 2.65 = 4.21. రియాక్టెన్స్‌లన్నీ కలిపి 2.70 + 0.33 = 3.03. మూలమట్టంగా కలిపితే 5.19 ఓంలు. ఫేజుకు 250 వోల్టులను దానితో భాగిస్తే 48 ఆంపియర్లు. 77 రావాల్సిన చోట 48. టాంగ్ టెస్టర్‌ను మ్యాక్స్ హోల్డ్‌లో (అత్యధిక రీడింగును పట్టి ఉంచేలా) పెట్టి రెండు సెకన్లు మాత్రమే నొక్కి చూస్తే 47 చూపింది. రెండు సెకన్లకు మించి పట్టి ఉంచకూడదు, వరుసగా రెండుసార్లు చేయాల్సి వస్తే మధ్యలో కనీసం పది నిమిషాలు ఆగాలి.

48ని మోటరు 3.12 ఓంలతో గుణిస్తే మోటరు కొసల దగ్గర ఫేజుకు 150 వోల్టులు, లైన్‌కు (రెండు ఫేజుల మధ్య) 260. మోటరు తిప్పే బలం వోల్టేజి స్క్వేర్‌ను బట్టి ఉంటుంది. 150ని 240తో భాగించి స్క్వేర్ చేస్తే 0.39. పూర్తి వోల్టేజి దగ్గర మోటరు ఎంత బలంతో లేచేదో అందులో 39 శాతమే మిగిలింది. సెంట్రిఫ్యూగల్ పంపు కదలడానికి పెద్ద బలం అడగదు, అందుకే ఒక్కోసారి లేస్తుంది. కొన్ని గంటలు ఆగి ఉండి ఇంపెల్లర్ల మధ్య ఇసుక దిగినప్పుడు, లేదా సగం వేగం దాటాక నీటి బరువు పడ్డప్పుడు ఆ బలం చాలదు. అక్కడే మూలుగుతూ నిలిచిపోతుంది.

స్టార్టరు దగ్గర ఆ క్షణంలో ఎంత ఉంటుంది? స్టార్టరు నుంచి అవతలకు నిరోధం 1.56 + 0.93 = 2.49, రియాక్టెన్స్ 2.70, ఇంపెడెన్స్ 3.67. 48.2 ఆంపియర్లతో గుణిస్తే 177 వోల్టులు, లైన్‌కు 306. మీటరు 305 చూపింది. స్టార్టరుకు ఇవతల సర్వీస్ కేబుల్, ట్రాన్స్‌ఫార్మర్ కలిపి 1.75 ఓంలు, దాని మీద 84 వోల్టులు. 177కు 84 కలిపితే 261. ట్రాన్స్‌ఫార్మర్ ఇస్తున్నది 250 మాత్రమే. 11 వోల్టులు ఎక్కువెలా వచ్చాయి? ఎక్కువేమీ రాలేదు. కేబుల్ మీది డ్రాప్ కరెంటుతో దాదాపు ఒకే అడుగులో నడుస్తుంది, మోటరు వైపు వోల్టేజి దానికన్నా చాలా ముందు నడుస్తుంది. రెండూ ఒకే క్షణంలో శిఖరానికి చేరవు. ఏసీ వోల్టులను మామూలు కూడికతో కలపకూడదని పుస్తకంలో చదవడం ఒకటి, మీటరు లెక్కలు కూడితే 261 రావడం చూడటం ఇంకొకటి.

దీనిలో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. లోడు లేనప్పుడు 433, నడుస్తున్నప్పుడు 391. తేడా 42ను 1.732తో, ఆపైన 15.5 ఆంపియర్లతో భాగించి "లైను ఇంపెడెన్స్ 1.56 ఓంలు" అని రాసేస్తారు. అసలైనది 1.75. రెండు మీటరు రీడింగుల తేడా, వెక్టర్ తేడా (మూలమట్టం లెక్కలో వచ్చే తేడా) కాదు. ఆ 1.56 ఆ పవర్ ఫ్యాక్టర్ దగ్గర మాత్రమే పనికొచ్చే అంకె. దాన్ని తీసుకెళ్లి స్టార్టింగ్ లెక్కలో పెడితే జవాబు తప్పుతుంది.

కొట్టుకునే కాంటాక్టర్

415 వోల్టుల కాయిల్‌కు 306 వోల్టులంటే 74 శాతం. కాంటాక్టర్ ప్రమాణాల ప్రకారం కాయిల్ 85 శాతం నుంచి కచ్చితంగా లాగాలి, 75 నుంచి 20 శాతం మధ్య ఎక్కడైనా వదిలేయవచ్చు. ఇక్కడ మోటరు కరెంటు పడగానే కాయిల్ వదిలేస్తుంది. వదలగానే కరెంటు ఆగి వోల్టేజి 433కు ఎగురుతుంది. మళ్లీ లాగుతుంది, మళ్లీ వదులుతుంది. ఆ టకటక ఇదే. కాంటాక్ట్ పాయింట్లు కాలి గుంటలు పడ్డాయి. కాయిల్ రంగు మారింది.

కాయిల్‌నే ఇంపెడెన్స్‌కు ఒక చిన్న నమూనాగా చూడవచ్చు. మల్టీమీటర్‌తో దీని నిరోధం 1,400 ఓంలు. ఆర్మేచర్ (కాయిల్ లాగే ఇనుప ముక్క) కూర్చుని ఉన్నప్పుడు ఇలాంటి కాయిల్ దాదాపు 10 వీఏ (వోల్టు, ఆంపియర్ల లబ్ధం) తీసుకుంటుంది. 415 వోల్టుల దగ్గర 24 మిల్లీఆంపియర్లు, అంటే 17,000 ఓంల పైచిలుకు. ఆర్మేచర్ లేచి మధ్యలో గాలి ఖాళీ ఉన్నప్పుడు 80 వీఏ దాకా, అంటే సుమారు 190 మిల్లీఆంపియర్లు, 2,150 ఓంలు. కాయిల్ అదే, చుట్లు అవే. ఇనుము కలిసిందా విడిగా ఉందా అన్నదే తేడా. కూర్చున్నప్పుడు రాగిలో పుట్టే వేడి ఒక వాటు కూడా ఉండదు. లేచి ఉన్నప్పుడు 50 వాట్లు. పాయింట్ల మధ్య పురుగు పడి ఆర్మేచర్ పూర్తిగా కూర్చోకపోయినా, తక్కువ వోల్టేజికి మధ్యలో ఊగుతున్నా కాయిల్ కొన్ని నిమిషాల్లో మాడుతుంది. 'హై ఓల్టేజీకి కాయిల్ కాలింది' అని చెప్పే వాటిలో చాలావరకు నిజానికి లో వోల్టేజికి కాలినవే.

కెపాసిటర్ ఏం చేసింది, ఏం చేయలేదు

లో వోల్టేజి అనగానే ఎవరో 3 కేవీఏఆర్ (కెపాసిటర్ సామర్థ్యపు కొలత) కెపాసిటర్ పెట్టించారు. స్టార్టరు ముందు ఆంపియర్లు 15.5 నుంచి 13.8కి పడ్డాయి. వోల్టేజి 391 నుంచి 393కి పెరిగింది, అంతే. మోటరు పరిస్థితిలో మార్పేమీ లేదు.

కెపాసిటర్ రియాక్టెన్స్, కాయిల్ రియాక్టెన్స్‌కు ఎదురు దిశలో పనిచేస్తుంది. 440 వోల్టులకు డెల్టాలో (మూడింటినీ త్రిభుజంలా కలిపి) కట్టిన 3 కేవీఏఆర్ డబ్బాలో ఫేజుకు 16.4 మైక్రోఫ్యారడ్లు, 50 హెర్ట్జ్ దగ్గర 194 ఓంలు. మోటరు అయస్కాంతానికి కావాల్సిన కరెంటులో కొంత భాగం ఇది పక్కనే ఉండి ఇచ్చేస్తుంది. ఆ భాగం కేబుల్ గుండా రానవసరం లేదు. అయితే కేబుల్‌లో వోల్టేజి పడేది ప్రధానంగా నిరోధం మీద, పనిచేసే కరెంటు వల్ల. అయస్కాంత కరెంటు వల్ల పడే డ్రాప్ దారిలోని రియాక్టెన్స్‌ను బట్టి ఉంటుంది, ఇక్కడ అది 0.33 ఓం. కెపాసిటర్ తగ్గించగలిగింది ఆ కాస్తనే. పొడవైన ఓవర్‌హెడ్ లైన్ అయితే తీగల మధ్య దూరం వల్ల రియాక్టెన్స్ కిలోమీటరుకు 0.3 ఓంకు పైనే ఉంటుంది, అక్కడ కెపాసిటర్ ఎక్కువ పనిచేస్తుంది. సన్నటి కేబుల్ కొసన దాని నుంచి వోల్టేజి ఆశించడం దండగ.

పైగా దాని శక్తి కూడా వోల్టేజి స్క్వేర్‌నే అనుసరిస్తుంది. 391 వోల్టుల దగ్గర 3 కేవీఏఆర్ డబ్బా ఇచ్చేది 2.4 మాత్రమే. కేబుల్‌లో వేడి మాత్రం తగ్గింది, 1,117 వాట్ల నుంచి 885కి. ఆ మేరకు కెపాసిటర్ మంచిదే. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు ఉంది కాబట్టి రైతు జేబుకు ఆ 232 వాట్లు తెలియవు. ట్రాన్స్‌ఫార్మర్‌కు తెలుస్తాయి.

అసలు ప్రమాదం దాన్ని కట్టిన చోట ఉంది. డబ్బాను ఓవర్‌లోడ్ రిలేకు అవతల, స్టార్టరులోని మోటరు వైపు టెర్మినళ్ల దగ్గర కలిపారు. అప్పుడు రిలే చూసేది 13.8 ఆంపియర్లు, మోటరు తీసుకునేది 15.5. రిలే 14 మీద సెట్ అయి ఉంది కాబట్టి పడటం ఆగిపోయింది. "కెపాసిటర్ పెట్టినంక ట్రిప్పు కాలే, నయమైంది" అని అందరూ సంతోషించారు. మోటరుకు ఉన్న కాపలా పోయింది, అంతే జరిగింది. అలా కట్టాల్సి వస్తే రిలే సెట్టింగ్‌ను కూడా ఆ మేరకు దించాలి. దానికన్నా కాంటాక్టర్ అవుట్‌గోయింగ్‌కూ రిలేకూ మధ్య కలపడం మేలు. అప్పుడు కాంటాక్టర్ పడగానే కెపాసిటర్ కూడా విడిపోతుంది, రిలే మోటరు కరెంటునే చూస్తుంది. విప్పే ముందు డిశ్చార్జి రెసిస్టర్లు ఉన్నాయో లేదో చూసి, కొన్ని నిమిషాలు ఆగి, మీటరుతో సున్నా చూసుకున్నాకే చేయి పెట్టాలి.

స్టార్-డెల్టా (మోటరును ముందు స్టార్‌లో లేపి తర్వాత డెల్టాకు మార్చే స్టార్టరు) సంగతి కూడా అడుగుతారు. స్టార్‌లో ఫేజుకు ఇంపెడెన్స్ మూడింతలై 9.36 ఓంలుగా కనిపిస్తుంది, లైన్ కరెంటు 22 ఆంపియర్లకు దిగుతుంది, కాంటాక్టర్ కొట్టుకోదు. లేచే బలం మాత్రం 39 నుంచి 25 శాతానికి పడిపోతుంది. లేవని మోటరుకు అది మందు కాదు. పైగా దానికి బోరులోకి ఆరు తీగలు కావాలి.

మార్చినవి

సర్వీస్ కేబుల్‌ను 25 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం ఆర్మర్డ్ కేబుల్‌కు మార్చారు. 450 మీటర్లూ ఒకే ముక్క, మధ్యలో జాయింటు లేదు. రెండున్నర అడుగుల లోతు కాలువ, కింద ఇసుక, పైన ఇసుక, దాని మీద ఇటుకలు. గుట్టబోరు నేలలో ఇసుక పరవకుండా వేస్తే రాళ్ల మొనలు పైతొడుగును కోసేస్తాయి. కిలోమీటరుకు 1.20 ఓంల లెక్కన 0.54, భూమిలో ఎండ లేదు కాబట్టి వేడికి 8 శాతం కలిపితే 0.58. స్టార్టరు టెర్మినల్‌లో 25 చదరపు మిల్లీమీటర్ల అల్యూమినియం పట్టదు. కొందరు పోగులు కొన్ని కత్తిరించి దూరుస్తారు. అలా చేస్తే అన్ని మీటర్లు మార్చి చివరి అంగుళంలో మళ్లీ పాత జాయింటునే తయారు చేసుకున్నట్టు. రాగి కొస ఉన్న బైమెటాలిక్ పిన్ లగ్గు క్రింప్ చేసి పెట్టాలి.

కొత్త లెక్క: స్టార్టింగ్‌లో నిరోధం 3.24, రియాక్టెన్స్ 3.03, మొత్తం 4.44 ఓంలు, కరెంటు 56 ఆంపియర్లు. స్టార్టింగ్ కరెంటు పెరిగిందని కంగారు పడనక్కర్లేదు, పెరగడమే కావాలి. మోటరు దగ్గర లైన్‌కు 305 వోల్టులు, బలం 54 శాతం. స్టార్టరు దగ్గర 358, అంటే కాయిల్‌కు 86 శాతం. టకటక పోయింది. ప్రమాణం చెప్పే 85కు ఇది అంచున ఉన్నట్టే, కానీ అప్పటికే లాగి కూర్చున్న కాయిల్ 75 పైన వదలదు.

నడిచేటప్పుడు మోటరు దగ్గర వోల్టేజి 371 నుంచి 394కి, కరెంటు 15.5 నుంచి 14.6కి వచ్చాయి. పంపు అడిగే శక్తి అంతే ఉంటుంది కాబట్టి వోల్టేజి పెరిగితే ఆంపియర్లు తగ్గుతాయి. కెపాసిటర్ లేకుండా లెక్కిస్తే సర్వీస్ కేబుల్‌లో వేడి 1,117 నుంచి 370 వాట్లకు దిగింది. 14.6 ఇంకా నేమ్‌ప్లేట్ 14కు కొంచెం పైనే. రిలేను 15 మీద పెట్టి వదిలేయడం కొందరికి నచ్చకపోవచ్చు. చుట్టూ నీళ్లు పారుతూ చల్లగా ఉన్న మోటరుకు ఆ నాలుగు శాతం ఓర్చుకోవచ్చని ఇక్కడ తీసుకున్న నిర్ణయం. నీటిమట్టం పడిపోయి మోటరు చుట్టూ ప్రవాహం తగ్గే నెలల్లో ఈ నిర్ణయాన్ని మళ్లీ చూడాలి.

ఫ్లాట్ కేబుల్‌ను 6 చదరపు మిల్లీమీటర్లకు మారిస్తే దాని నిరోధం 0.93 నుంచి 0.63కు దిగుతుంది, స్టార్టింగ్ బలం సుమారు 60 శాతానికి చేరుతుంది, నడిచే వోల్టేజి 400 అందుకుంటుంది. దానికోసమే 600 అడుగుల పైపు మళ్లీ గుంజడం దండగ కాబట్టి, మోటరు ఎప్పుడు పైకి వస్తే అప్పుడు మార్చాలని వదిలేశారు.

మిగిలింది ఆటో స్టార్టరు. ఈ ట్రాన్స్‌ఫార్మర్ మీదే ఇంకో 5 హెచ్‌పీ మోటరు ఉంది, రెండింటికీ ఆటోలు. కరెంటు పోయి వస్తే రెండూ ఒకే సెకనులో లేస్తాయి. నిలబడ్డ మోటర్లు రెండు పక్కపక్కన కలిస్తే ట్రాన్స్‌ఫార్మర్ 0.34 ఓంల మీద పడే డ్రాప్ దాదాపు రెట్టింపవుతుంది, ఫేజుకు ఇంకో 15 వోల్టులు పోతాయి. 54 శాతం బలం 47కు దిగుతుంది, స్టార్టరు దగ్గర 358 కాస్తా 335 అవుతుంది. లాగే దశలో ఉన్న కాయిల్‌కు అది మళ్లీ సరిపోని వోల్టేజి. ఆటో తీసేయడానికి రైతులు ఒప్పుకోలేదు, రాత్రిపూట పొలానికి పోలేమన్నారు. అందుకని ఆన్-డిలే టైమర్లు (కొంత ఆలస్యంగా కలిపేవి) పెట్టారు: దగ్గరి 5 హెచ్‌పీకి 30 సెకన్లు, దూరపు 7.5కు 90 సెకన్లు. ముందు లేచిన మోటరు అప్పటికి తన 3, 4 ఓంల దశ దాటి ఇరవై ఓంల పైకి వెళ్లిపోయి ఉంటుంది, ట్రాన్స్‌ఫార్మర్‌కు అది బరువుగా తోచదు.

స్టార్టరు డబ్బా మూత లోపలివైపు పెయింట్ మార్కర్‌తో రాసి ఉంచిన అంకెలు: లోడు లేకుండా 433. నొక్కిన క్షణంలో 358, 56 ఆంపియర్లు. నడుస్తుంటే 413, మోటరు వైపు 14.6, కెపాసిటర్‌కు ముందు 12.8. మోటరు వైర్ల మధ్య మల్టీమీటర్‌తో 3.8 ఓంలు, మూడు జతలూ సమానం.